స్వల్పధనముతో వియత్నాము యాత్ర

కొలఁది సొమ్ముతో, వీపున నొక సంచితో దేశాంతరము చూడఁగోరు యువకులు మొదట వెలల పట్టిక వ్రాసికొందురు. దానికంటె ముందుగా, విడిచిపెట్టవలసిన యూళ్ల పట్టిక వ్రాసికొనుట మేలని నా యభిప్రాయము.

వియత్నాము నుదాహరణముగాఁ గొందము. హనోయి నుండి హో చి మిన్ నగరమునకు, 1936వ సంవత్సరమునఁ బూర్తియైన రైలుమార్గము 1,726 కిలోమీటర్ల పొడవు గలది. పది దినములలో నీ కొననుండి యా కొనకుఁ బరుగిడువాని ధనములో నధికభాగము ప్రయాణములకే చెల్లును. అట్లుగాక, హనోయిలో రాత్రి రైలెక్కి మఱునాఁడు హుయే నగరమున దిగినచో నొక రాత్రి బస ఖర్చు మిగులును. హుయే, డా నాంగ్, హోయి ఆన్ ఒండొంటికి సమీపముననే యున్నవి. పూర్వము చాములు నిర్మించిన మీ సన్ శివాలయములనుగూడ నచటినుండి తీరికగాఁ జూడవచ్చును. అక్టోబరు, నవంబరు మాసములలో మాత్ర మా ప్రాంతమునఁ బెనువానలు, వరదలు కలుగుచుండును. ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వఱకు ననుకూలకాలము.

దేశమంతయుఁ జూడకున్న వెలితి గాదా యని కొంద ఱడుగుదురు. పరుగున దాఁటిన నూఱు వీథులకంటె, పేరుపేరున నెఱిఁగిన నాలుగు వీథులే జ్ఞాపకమున నిలుచును.

మఱియొక మాట. వీథిప్రక్కను మాంసరసములో బియ్యపు సేమియా వేసి ‘ఫో’ వండి యమ్ము స్త్రీతో గీచిగీచి బేరమాడుట పొదుపు గాదు. ఆమె కష్టమునకుఁ దగిన వెల నిచ్చి, మన యాశనే తగ్గించుకొందము.