వారానికో గంట ధ్రువాల పటం ముందు కూర్చుందాం

నంద్యాల, ఆళ్లగడ్డ తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, రైతులకు విన్నపం

నంద్యాల నుంచి రేఖాంశం పట్టుకుని నేరుగా దక్షిణానికి పోతే ఆళ్లగడ్డ పక్కగా, ప్రొద్దుటూరు దగ్గరగా సాగి, తమిళనాడు దాటి, రామనాథపురం తీరాన సముద్రంలో దిగుతాం. ఆ తర్వాత పెద్ద నేల తగిలేది అంటార్కిటికాలోనే. తగిలిన చోటికి నైరుతిగా లార్సెమన్ కొండల్లో మన దేశపు భారతి పరిశోధనా కేంద్రం ఉంది. 2012 నుంచి అక్కడ మనవాళ్లు పని చేస్తున్నారు. మనకూ వాళ్లకూ మధ్య సుమారు 9,400 కిలోమీటర్లు.

భారతిలో 2013 నుంచి ఒక ఉపగ్రహ గ్రాహక కేంద్రం కూడా నడుస్తోంది. మన భూపరిశీలన ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి. రోజుకు దాదాపు 14 చుట్లు చుట్టినా నంద్యాల మీదుగా వెళ్లేది అరుదుగానే. ధ్రువానికి దగ్గరగా ఉన్న కేంద్రానికి మాత్రం ఆ చుట్లలో ఎక్కువ భాగం కనిపిస్తాయి. అందుకని ఉపగ్రహం దించిన సమాచారాన్ని భారతి అందుకుని షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి పంపుతుంది. కర్నూలు మీదుగా హైదరాబాదు వెళ్లే మన బస్సులు ఆ షాద్‌నగర్ దారినే పోతాయి. అంత దగ్గరి దాకా వచ్చిన ధ్రువాల చూపు మన బడి గదుల్లోకి మాత్రం రాలేదు. రావాలి. వారానికి ఒక గంట, ప్రతి ఉన్నత పాఠశాలలో, ప్రతి డిగ్రీ కాలేజీలో, రెండు ఊళ్ల గ్రంథాలయాల్లో ఉపగ్రహ పటాలు చూసే గంట పెట్టాలన్నదే మా కోరిక.

గోడకు వేలాడే ప్రపంచ పటంలో అంటార్కిటికా అడుగున సాగిన తెల్లటి చారలా ఉంటుంది. మన దేశానికి నాలుగు రెట్లు పైబడిన ఖండం అది. గుండ్రటి భూమిని చదునుగా పరిచినప్పుడు ఎక్కువ దెబ్బ తినేవి ధ్రువాలే. ఫోన్లో మనం దారి వెతుక్కునే పటాల్లో ఎక్కువ భాగం ధ్రువం దాకా పోవు కూడా. నాసా ఉచితంగా నడుపుతున్న వరల్డ్‌వ్యూ పటంలో ఆర్కిటిక్‌కు, అంటార్కిటికాకు విడివిడిగా, ధ్రువం నెత్తి మీద నుంచి చూసినట్టుండే చూపులున్నాయి. డబ్బు కట్టనక్కర్లేదు, పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. ఉపగ్రహం తీసిన బొమ్మ చాలావరకు కొన్ని గంటల్లోనే వచ్చి చేరుతుంది. అడుగున ఉన్న తేదీల పట్టీని వెనక్కి జరిపితే 2000 దాకా రోజువారీ బొమ్మలు చూడొచ్చు.

ఏం చూడాలో ఒక ఉదాహరణ. అంటార్కిటికా చూపు తెరిచి, తెరకు కుడివైపు ప్రిడ్జ్ అఖాతం దగ్గర ఆగండి. భారతి ఉన్న తీరం అదే. పక్కనే ఏమరీ మంచుపలక. తేదీని 2019 సెప్టెంబరు చివరి వారానికి జరపండి. ఆ వారంలోనే ఆ పలక అంచు నుంచి సుమారు 1,600 చదరపు కిలోమీటర్ల మంచుకొండ విడిపోయింది. శాస్త్రవేత్తలు దానికి డి28 అని పేరు పెట్టారు. విడిపోక ముందటి తేదీనీ తర్వాతి తేదీనీ పక్కపక్కన పెట్టి గీతను అటూ ఇటూ జరిపితే పగులు ఎక్కడ పడిందో తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా వేలు పెట్టి చూపగలడు. మంచుపలకలు అప్పుడప్పుడు ఇలా అంచులు విడవడం సహజమేననీ, ప్రతి పగులునూ భూతాపానికి అంటగట్టకూడదనీ టీచరు చెప్పడానికి అదే తగిన సమయం.

ఇప్పుడు తేదీ అదే నెలలో ఉంచి పటాన్ని మన ఊరికి తీసుకురండి. 2019 సెప్టెంబరు మూడో వారంలో కుందూ నది పొంగి నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పొలాలు మునిగిన సంగతి మనలో ఎవరూ మరచిపోలేదు. ఆ రోజుల బొమ్మ తెరిస్తే వరద కనిపించదు, మబ్బు కనిపిస్తుంది. పిల్లలు నిరుత్సాహపడతారు. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. మామూలు కెమెరా మబ్బును చీల్చలేదు, చీకట్లో చూడలేదు. ఆరు నెలల చీకటి ఉండే ధ్రువం దగ్గర శాస్త్రవేత్తలకు ఎదురైన ఇబ్బందీ ఇదే. అందుకే 1978 చివరి నుంచి సముద్రపు మంచును మైక్రోవేవ్ తరంగాలతో కొలుస్తున్నారు. మైక్రోవేవ్‌తోనే పనిచేసే రాడార్ మరింత సన్నని వివరం చూపిస్తుంది. రాడార్ కిరణం నిశ్చలంగా ఉన్న నీటి మీద పడి పక్కకు జారిపోతుంది కాబట్టి నీరు నల్లగా కనిపిస్తుంది, గరుకు నేల తెల్లగా కనిపిస్తుంది. ఐరోపా వాళ్ల సెంటినెల్-1 రాడార్ బొమ్మలు కోపర్నికస్ బ్రౌజర్‌లో అందరికీ ఉచితం. డి28నూ అది చూసింది, మబ్బు కింద మునిగిన పొలాలనూ చూడగలదు. మన దేశం 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 చేసేదీ ఇలాంటి పనే. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచే ఎగిరిన నైసార్ ఉపగ్రహం మంచుపలకలనూ పంట నేలలనూ రాడార్ చూపుతో కొలవడానికి పుట్టింది. ధ్రువాల పటం చదవడం వచ్చినవాడికి కుందూ వరద పటం చదవడం కూడా వస్తుందని మేం అంటున్నది ఇందుకే.

"మంచు కరిగితే మనకేంది? మాకు కె.సి. కెనాల్‌కు నీళ్లొస్తే చాలు" అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆర్కిటిక్ పటం చూసి ఈ ఏడు శనగ ఎప్పుడు వేయాలో ఎవరూ చెప్పలేరు; చెప్పగలమన్నవాణ్ని నమ్మకండి. అయితే గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న ఒక అధ్యయనం 2021లో వచ్చింది. రష్యాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, సెప్టెంబరులో మధ్య భారతంలో కుండపోత వానలు పెరగడానికీ సంబంధం ఉండవచ్చని అది సూచించింది. ఉండవచ్చు అన్నదాన్ని ఉంది అని చదవకూడదు. కానీ ఆ ప్రశ్న మనదే. వానకాలం చివర్లో వచ్చే వాన ఎంత మేలు చేస్తుందో, ఎంత ముంచుతుందో నల్లరేగడి రైతుకు వేరే చెప్పాలా? 2012 సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రపు మంచు సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టాక అంత తక్కువ ఎన్నడూ లేదు. 1980లలో ఆ నెలలో దాదాపు అంతకు రెట్టింపు ఉండేది. 2012 మంచు సంగతి ఎవరో చెబితే వినడం కాదు, పిల్లలు తేదీ మార్చి తామే చూడాలి.

చూడటంతో పాటు పటం హద్దులూ తెలియాలి. వరల్డ్‌వ్యూలో రోజూ వచ్చే బొమ్మలో ఒక్క చుక్క సుమారు 250 మీటర్ల చదరం, అంటే దాదాపు 15 ఎకరాలు. అందులో మన చేను వెతకడం వృథా. కోపర్నికస్ బ్రౌజర్‌లోని సెంటినెల్-2 బొమ్మలో చుక్క 10 మీటర్ల చదరం, అంటే రెండున్నర సెంట్లు. వెలుగోడు రిజర్వాయరులో నీటి అంచు ఎంత తగ్గిందో, కాలువ కింద వరి ఎక్కడిదాకా పచ్చబడిందో అందులో తెలుస్తుంది. ఎండాకాలంలో వరల్డ్‌వ్యూ మంటల పొర వేస్తే నల్లమల మీద ఎర్ర చుక్కలు లేస్తాయి. అయితే ఎర్ర చుక్కకు అర్థం అక్కడ వేడి ఉందని మాత్రమే. అది అడవి మంటా, పొలంలో కాల్చిన చెత్తా అన్నది తెలిసిన మనిషినే అడగాలి.

దీనికి కొత్త భవనం అక్కర్లేదు. నాడు-నేడు పథకం కింద మన ఉన్నత పాఠశాలలు చాలావాటికి పెద్ద తెరలు వచ్చాయి. కాలేజీల్లో కంప్యూటర్ గదులున్నాయి. నంద్యాలలో 1906 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది; అక్కడి శాస్త్రవేత్తలు నెలకొకసారి వచ్చి వాన లెక్కలను పటం పక్కన పెట్టి చూపిస్తే రైతులూ వస్తారు. అడ్డం వచ్చేది భాష. ఈ పటాల మీద మాటలు తెలుగులో లేవు. ఏ మీట నొక్కితే ఏ పొర వస్తుందో చెప్పే చిన్న తెలుగు పుస్తకాన్ని డిగ్రీ కాలేజీల భూగోళం, కంప్యూటర్ విభాగాల విద్యార్థులే ప్రాజెక్టుగా రాయాలి. జిల్లా విద్యాశాఖ దాన్ని అచ్చు వేయించి బడులకు పంచాలి. నెట్ సరిగా రాని బడుల కోసం ముందురోజే బొమ్మలు దించుకునే పద్ధతి కూడా ఆ పుస్తకంలో ఉండాలి.

తల్లిదండ్రులారా, మీ బడి కమిటీ తదుపరి సమావేశంలో ఈ గంట కోసం తీర్మానం పెట్టించండి. దాని నకలును జిల్లా విద్యాశాఖాధికారికి పంపండి. గ్రంథాలయ పాఠకులారా, ఆదివారం ఉదయం ఒక కంప్యూటరు దీనికి కేటాయించమని లైబ్రేరియన్‌ను రాతపూర్వకంగా అడగండి. మొదటి గంట సెప్టెంబరు మధ్యలో పెట్టుకుందాం. ఆర్కిటిక్ మంచు ఏడాదిలో అతి తక్కువకు చేరేది ఆ రోజుల్లోనే, కుందూ, వక్కిలేరు గట్ల మీద మనం కన్నేసి ఉంచేదీ ఆ రోజుల్లోనే. ఒక తెర మీద ధ్రువం, ఇంకో తెర మీద కుందూ తెరిచి, ఒకే తేదీ వేసి చూద్దాం.