ఆ రంగు నీకు నప్పదమ్మా!

మన ఇళ్ళలో ఆడపిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఈ మాట ఎన్నిసార్లు వింటుందో లెక్కే లేదు. గౌను కొన్నప్పుడు వింటుంది. ఓణీ కొన్నప్పుడు వింటుంది. పెళ్ళిచూపుల చీర తీసేటప్పుడు మరీ గట్టిగా వింటుంది. ఆఖరికి తన చేత్తో తనే ఏదో అల్లుకుందామని ఊలు చిలప చేతిలోకి తీసుకున్నా, పక్కనుంచి ఎవరో ఒకరు అందుకుంటారు, "ఆ రంగు నీకు నప్పదమ్మా" అని.

నేను చెప్పేది సూటిగానే చెబుతాను. రంగు ఎంచుకోవడానికి బోలెడు లెక్కలున్నాయి. చాయ తక్కువా ఎక్కువా అన్నది ఆ లెక్కల్లో లేదు. ఆ మాట ఇక మన నోటినుంచి రాకూడదు.

ఈ మధ్య మనలో చాలామంది మళ్ళీ సూదులు పట్టుకున్నారు. మిల్లు రంగుల ఊలు ఉండలతో సరిపెట్టుకోకుండా, చేత్తో అద్దిన చిలపలు తెప్పించుకుంటున్నారు. సంతోషమే. సన్నరకం మెరినో ఊలైతే 100 గ్రాముల చిలపలో సుమారు 400 మీటర్ల దారం వస్తుంది. పెద్దవాళ్ళ స్వెట్టరుకి అలాంటివి నాలుగైదు కావాలి. ఖరీదు తక్కువేం కాదు. అంత డబ్బు పెట్టేటప్పుడే ఈ నప్పుడు గోల మరీ ఎక్కువవుతుంది. "అంత పోసి ముదురు రంగెందుకు, కాస్త తెల్లగా కనపడేది తీసుకో" అంటారు. అంటే స్వెట్టరు పని చలికి కాయడమూ కాదు, అందంగా ఉండడమూ కాదు, మనల్ని ఒక చాయ తెల్లగా చూపించడమన్నమాట!

పోయిన చలికాలం మా ఇంట్లో నలుగురం కూచుని చిలపలు పరుచుకున్నాం. మా ఆడపడుచు కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల, అన్నీ తిరగేసి మెంతిరంగు చిలప ఒకటి తీసి చెంపకి ఆనించుకుంది. వెంటనే ఒక పెద్దావిడ, "చామనచాయ పిల్లవి, నీకెందుకే అది? లేత గులాబీ తీసుకో" అంది. మిగతావాళ్ళు తలలూపారు. ఎవరూ కోపంగా అనలేదు, ప్రేమగానే అన్నారు. పిల్ల చిలపని మెల్లిగా పక్కన పెట్టేసింది. తర్వాత వంటింట్లోకొచ్చి నన్నడిగిన మాట ఇది: "అత్తయ్యా, అయితే నాకు మిగిలిన రంగులెన్ని?"

మీరైతే ఏం జవాబు చెబుతారు?

ఒక్కసారి ఆలోచించండి. నీలమేఘశ్యాముడని మనం రోజూ దణ్ణం పెట్టుకునే స్వామికి కట్టబెట్టింది ఏమిటి? పీతాంబరం, పచ్చటి పట్టుబట్ట! నల్లని ఒంటిమీద పసుపు ఎంత వెలుగుతుందో మన పెద్దలకి తెలియకనా? ద్రౌపదికి కృష్ణ అనే పేరు వచ్చింది ఆవిడ నల్లని చాయ వల్లే. భారతంలో అందగత్తె ఎవరని అడిగితే ముందు ఆవిడ పేరే చెబుతాం. దేవుడికీ పురాణాలకీ పనికొచ్చిన రంగు, మనింటి పిల్ల దగ్గరికొచ్చేసరికి పనికిరాకుండా పోయిందేం?

ఇందులో శాస్త్రమేమీ లేదు, అలవాటే ఉంది. 1975లో మన దేశంలో మొదలైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది. డబ్బా మీద ఫెయిర్ అన్న మాట పోయింది. మన నోట్లోంచి మాత్రం పోలేదు. పోనీ బయటి దేశాల పద్ధతి చూద్దామా? 1980లో కారొల్ జాక్సన్ రాసిన 'కలర్ మీ బ్యూటిఫుల్' అన్న పుస్తకం ఆడవాళ్ళని నాలుగు ఋతువులుగా విడగొట్టి, ఎవరి ఋతువుకి ఆ రంగులు అంది. నల్ల జుట్టు, నల్ల కళ్ళు ఉన్నవాళ్ళలో ఎక్కువమందిని 'వింటర్' అనే ఒకే గంప కింద కమ్మేసింది. ఆ లెక్కన మన దేశంలో కోట్లమందిమి ఒకే రంగుపెట్టెలో సర్దుకోవాలి! గంధపుచాయ, గోధుమచాయ, చామనచాయ, నేరేడుచాయ అని ఇన్ని తేడాలకి పేర్లు పెట్టుకున్న భాష మనది. మనకెందుకా పెట్టె?

మరి రంగు ఎలా ఎంచుకోవాలి అంటారా? చెబుతాను.

మొదటిది వెలుతురు. ట్యూబులైటు కింద ఊదాగా కనపడ్డది ఎండలోకి రాగానే వంగపండు రంగో, నీలమో అయి కూచుంటుంది. పగటిపూట కిటికీ దగ్గర చూసి తీరాలి.

రెండోది ముదురు లేతల తేడా. రెండు రంగులతో పువ్వులో గళ్ళో వేయాలనుకుంటే చిలపలు పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండూ ఒకేలా బూడిదరంగులో కనపడితే మీ పువ్వు ఎవరికీ కనపడదు, ఎన్ని రాత్రులు కూచుని వేసినా సరే.

మూడోది అద్దకం తీరు. ఒకే రంగులో నీడలు తేలే చిలప, జాలీ అల్లికకీ, జడల అల్లికకీ బాగుంటుంది. నాలుగైదు రంగులు కలగలిసిన చిలపతో జాలీ వేస్తే రంగుల హడావుడిలో డిజైను మునిగిపోతుంది. దానికి సాదా అల్లికే మేలు. ఆ రంగులు ఒకేచోట గుంపుకట్టి వీపు మీద మడుగులా కనపడకుండా ఉండాలంటే, రెండు చిలపలు పెట్టుకుని రెండేసి వరసలకి మార్చుకుంటూ అల్లాలి.

నాలుగోది, కావలసినవన్నీ ఒకేసారి కొనడం. చేతి అద్దకంలో ఈ నెల తొట్టి రంగు వచ్చే నెల తొట్టిలో అచ్చంగా రాదు. ఒకే తొట్టిలోవి కూడా కాస్త కాస్త తేడాగా ఉండొచ్చు. చిలపలు మారుస్తూ అల్లమన్నది అందుకు కూడా.

ఐదోది ఉతుకు. నీలిమందు, ముదురు ఎరుపుల్లాంటివి మొదట కాస్త రంగు వదలొచ్చు, విడిగా తడిపి చూసుకోండి. ఉత్త పసుపుతో అద్దింది ఎండకి తొందరగా వెలిసిపోతుంది.

చూశారా, ఐదు లెక్కలు చెప్పాను. ఒక్కదానిలో అయినా "నువ్వు తెల్లగా ఉన్నావా?" అన్న ప్రశ్న వచ్చిందా?

ఇంకో మాట. చేతి అద్దకం చూసి "ఇదేమిటి, ఒకచోట ముదురు, ఒకచోట లేత, మరకలు పడ్డట్టుందే" అని పెదవి విరిచేవాళ్ళూ వీళ్ళే. పోచంపల్లిలో, పుట్టపాకలో నేతకు ముందే నూలుకి కట్లు కట్టి రంగులో ముంచుతారు. ఆ కట్టు అంచున రంగు సన్నగా పాకుతుంది, నేసిన చీరలో ఆ అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. చేతి పని అని గుర్తుపట్టేది దాన్ని చూసే. అంతా ఒకే రంగు, అంతా తెలుపు, ఎక్కడా మచ్చ ఉండకూడదు అని అలవాటుపడ్డ కన్ను నూలునీ అలాగే చూస్తుంది, పిల్లనీ అలాగే చూస్తుంది.

"మేం దాని మేలు కోరే చెబుతున్నాం, రేపు బయట నాలుగు మాటలు పడకూడదని" అంటారు. నమ్ముతాను. కానీ ఆ నాలుగు మాటల్లో మొదటిది ఇంట్లోనే పడుతోంది కదా? బయటివాళ్ళ మాట నుంచి కాపాడతామని అదే మాట మనం ముందుగా అనేస్తే, అది కాపాడడం ఎలా అవుతుంది?

కొన్ని రంగులు మొహాన్ని వెలవెలబోయేలా చేస్తాయన్నది నిజమే, కాదనను. అది అందరికీ జరిగేదే. పాలిపోయిన గోధుమరంగు స్వెట్టరు వేస్తే ఎంత పచ్చని పిల్లయినా జ్వరం పడి లేచినట్టుంటుంది. అప్పుడు మాత్రం "రంగు బాగాలేదు" అంటాం. నల్లపిల్ల దగ్గరికొచ్చేసరికి "నీకు నప్పదు" అంటాం. ఒకచోట తప్పు ఊలుది, ఒకచోట తప్పు పిల్లది. నాకు అభ్యంతరం ఇక్కడే. అద్దం ఉంది, కిటికీ ఉంది, చిలప ఉంది. వేసుకునే మనిషి మెడ దగ్గర పెట్టుకుని చూసుకుని తనే తేల్చుకుంటుంది. వద్దనుకుంటే తనే పక్కన పెడుతుంది.

డబ్బు వృథా అన్న భయం కూడా చెబుతారు. నిజంగా వృథా అయ్యేది ఎప్పుడో తెలుసా? ఇష్టంలేని లేత గులాబీతో రెండు నెలలు కూచుని అల్లి, ఒక్కసారి వేసుకుని బీరువా అడుగున పడేసినప్పుడు. మనసుపడ్డ రంగైతే మోచేతులు అరిగేదాకా వేస్తారు.

ఆ మెంతిరంగు చిలపని నేనే ఉండ చుట్టి మా పిల్ల చేతిలో పెట్టాను. ఇప్పుడది సగం పైన మఫ్లరయింది. అక్కడక్కడా కుట్లు జారాయి, పరవాలేదు, అవి ఎత్తుకోవడం నేర్పుతున్నాను.

మీ ఇంట్లోనూ ఏ పిల్లో చిలప చేతిలోకి తీసుకునే ఉంటుంది. దాని చాయ వంక చూడకండి. "దీంతో ఏం అల్లుదామనుకుంటున్నావ్?" అని అడగండి చాలు.