పాత ఇంటిపై కొత్త అంతస్తు: అనుమతి వెంటనే వస్తుంది.. మరి ఇల్లు మోస్తుందా?

హైదరాబాద్‌లో పద్మారావునగర్ లాంటి పాత కాలనీల్లో ఇలాంటి ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. మూడు వందల గజాల స్థలం, ముందు వరండా, వెనక జామచెట్టు, మధ్యలో తాతగారు కట్టించిన నాలుగు గదుల బంగళా. ఇప్పుడు అందులో అమ్మానాన్న, కొడుకూ కోడలు, ఇద్దరు పిల్లలు సర్దుకోవాలి. బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇవ్వడానికి మనసొప్పదు. ‘పాతది బాగు చేయించి, పైన ఒక అంతస్తు వేసుకుందాం’ అనుకుంటారు. మేస్త్రీ వచ్చి గోడ తట్టి చూసి ‘ఇంకో రెండంతస్తులైనా ఆగుతుంది సార్’ అంటాడు. అనుమతి కూడా ఆన్‌లైన్‌లో వెంటనే వచ్చేస్తుందని పక్కింటివాళ్లు చెబుతారు.

పక్కింటివాళ్లు చెప్పింది చాలావరకు నిజమే. మేస్త్రీ మాటకే హామీ లేదు. అనుమతి ఇచ్చే వ్యవస్థ కూడా ఆ హామీ ఇవ్వదు.

అనుమతి అంత సులువా?

తెలంగాణలో టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చింది. దాని ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకునే ఇంటికి అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల వరకు స్థలంలో పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండోలో 21 రోజుల గడువు. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వేదిక కూడా వచ్చింది. పైన చెప్పిన మూడు వందల గజాల ఇల్లు తక్షణ అనుమతి కోవలోకే వస్తుంది.

పాత ఇంట్లో రంగులు, ఫ్లోరింగ్, ప్లాస్టరింగ్, వైరింగ్, పైపులు మార్చడం లాంటి పైపై పనులకు ప్లాన్ అనుమతి అవసరం ఉండదు. గది పెంచినా, స్లాబ్ వేసినా, అంతస్తు లేపినా అది అదనపు నిర్మాణమే. దానికి అనుమతి తప్పనిసరి.

‘స్వీయ ధ్రువీకరణ’ అంటే ఏమిటి?

చాలామంది పట్టించుకోని మాట ఇదే. పాత పద్ధతిలో అధికారి ఫైలు చూసి, స్థలం చూసి సంతకం పెట్టేవారు. ఇప్పుడు ‘నేను చెప్పినవన్నీ నిజం, నిబంధనల ప్రకారమే కడతాను’ అని యజమానే సంతకం పెడతారు. అధికారులు పరిశీలించేది ఆ తర్వాత. వివరాలు తప్పని తేలితే అనుమతి రద్దవుతుంది, అక్రమంగా కట్టిన భాగాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా చట్టంలో ఉంది. అంటే ఆలస్యం తగ్గి, ఆ మేరకు బాధ్యత యజమాని మీదకు వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నిర్మాణ నిబంధనలు వర్తిస్తాయి. అక్కడా ఆన్‌లైన్ దరఖాస్తే. లైసెన్స్ ఉన్న ఇంజినీర్ లేదా ఆర్కిటెక్ట్ ద్వారా వెళ్లాలి.

చిక్కు పాత ఇంటితోనే

ఖాళీ స్థలంలో కట్టేవారికి లేని మూడు ప్రశ్నలు పాత ఇంటివారికి ఎదురవుతాయి.

ఒకటి, ఉన్న ఇంటికి ప్లాన్ ఉందా? చాలా ఇళ్లకు అది పోయి ఉంటుంది, లేదా మధ్యలో ఒక గది, ఒక షెడ్డు ప్లాన్‌లో లేకుండానే పెరిగి ఉంటాయి. అదనపు అంతస్తు అడిగినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

రెండు, సెట్‌బ్యాక్. ఎత్తు పెరిగే కొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ కూడా పెరుగుతుంది. ఒక అంతస్తుకు సరిపోయిన ఖాళీ రెండో అంతస్తుకు చాలకపోవచ్చు. ఇంటి ముందు రోడ్డును విస్తరించే ప్రతిపాదన ఉంటే స్థలంలో కొంత వదులుకోవాల్సి వస్తుంది.

మూడు, ఇల్లు ఎవరి పేరున ఉంది? దస్తావేజు తాతగారి పేరునే ఉండి, వారసులు నలుగురుంటే, లోపల కాపురం ఉంటున్న ఒక్కరి సంతకంతో పని జరగదు. భాగ పరిష్కారమో, మిగతావారి హక్కు విడుదల దస్తావేజో ముందు పూర్తి కావాలి. ఆ లెక్క తేలకుండా పైన లక్షలు పోస్తే రేపు ఆ అంతస్తు కూడా పంపకాల్లోకి వస్తుంది.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని ఓల్డ్ గ్రాంట్ బంగళాల కథ పూర్తిగా వేరు. అక్కడ నేల కేంద్ర ప్రభుత్వానిది, కట్టడం మాత్రమే నివాసిది. టీఎస్ బీపాస్ నిబంధనలు చూసుకుని అక్కడ పని మొదలుపెట్టకూడదు.

గోడలు మోస్తాయా?

పాత బంగళాల్లో చాలావాటికి పిల్లర్లు ఉండవు. బరువంతా మందపాటి గోడలదే. డంగు సున్నంతో కట్టిన గోడ తన బరువును, పైకప్పును దశాబ్దాలుగా మోసి ఉండవచ్చు. దాని మీద కాంక్రీటు అంతస్తు పెట్టడం వేరే సంగతి. పక్కన కొత్త పునాదితో గది కలిపితే, కొత్త భాగం కుంగే తీరు, పాత భాగం తీరు ఒకేలా ఉండవు. రెంటినీ గట్టిగా కలిపేస్తే అతుకు దగ్గర పగుళ్లు వస్తాయి. నల్లరేగడి నేలలో ఈ సమస్య ఇంకా ఎక్కువ, ఎందుకంటే అది వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది.

స్ట్రక్చరల్ ఇంజినీర్ ముందు పునాది పక్కన గుంత తీయించి లోతు, వెడల్పు చూస్తారు. స్లాబ్‌లో ఇనుము తుప్పు పట్టిందా, కాంక్రీటు బలం ఎంత అన్నది పరీక్షిస్తారు. మొత్తం ఖర్చుతో పోలిస్తే ఈ పరీక్షలకయ్యేది కొద్ది మొత్తమే. పాత గోడల మీద భారం పడకుండా బయట నుంచి వేరే పిల్లర్లు లేపాలా, లేక ఆశ వదులుకోవాలా అన్నది అప్పుడే తేలుతుంది.

పన్ను కడుతున్నాం కదా?

ఇది మరో అపోహ. అనుమతి లేని కట్టడానికి కూడా ఆస్తి పన్ను వేస్తారు, పైగా ఉల్లంఘనను బట్టి మామూలు పన్ను మీద 25 నుంచి 100 శాతం వరకు అదనంగా వసూలు చేయవచ్చు. ఆ రసీదు ఉన్నంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు.

2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు మీరట్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయాన్ని ఇంకా బిగించింది. పూర్తయినట్టు లేదా నివాసయోగ్యమన్న ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని సరిచూసుకున్నాకే భవనంపై రుణం ఇవ్వాలని చెప్పింది.

రుణం విషయంలో ఇంకో తేడా ఉంది. పాత పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి కొనుగోలు, నిర్మాణ రుణం వడ్డీపై ఏడాదికి రూ.2 లక్షల వరకు మినహాయింపు ఉంటే, మరమ్మతుల రుణానికి అది రూ.30 వేలే. బ్యాంకు మీ రుణాన్ని ఏ పేరుతో ఇస్తోందో సంతకానికి ముందే చూసుకోవాలి.

ఏ వరుసలో వెళ్లాలి?

చాలామంది మేస్త్రీతో మొదలుపెట్టి కాగితాలతో ముగిస్తారు. వరుస తిరగేయాలి. ముందు యాజమాన్యం, ఈసీ, పాత ప్లాన్. తర్వాత ఇంజినీర్ పరీక్ష. ఆ నివేదికను బట్టి డిజైన్, ఆపైన దరఖాస్తు, రుణం. మేస్త్రీని పిలవాల్సింది అన్నిటికన్నా చివర. దరఖాస్తుకు పట్టే సమయం తగ్గిందని ఈ పరీక్షలు మానేస్తే, ఆ సంతకం భారం రేపు ఆ పైకప్పు కింద పడుకునేవాళ్ల మీదే పడుతుంది.