కంప్యూటర్ కబుర్లు: రెండు చాళ్ళు, ఒకే జాబితా

కామాఠీపురకు ఆ పేరు మనవాళ్ళను బట్టే వచ్చింది. తెలుగు ప్రాంతాల నుండి కట్టుబడి పనులకు వచ్చిన కూలీలను బొంబాయిలో కామాఠీలనేవారు. తర్వాత బట్టల మిల్లుల పనికి వచ్చినవారు వర్లీ వైపు చాళ్ళలో చేరారు. కాబట్టి ఒక సంఘమంటే సభ్యులు రెండు మూడు పేటల్లో, చందా పుస్తకాలూ రెండు మూడు.

తొంభైల చివర అలాంటి పుస్తకాన్ని మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లోకి ఎక్కించారనుకుందాం. 1995 వెర్షన్‌తో అందులో రెప్లికేషన్ అనే సదుపాయం వచ్చింది. ఒకే జాబితాకు రెండు ప్రతులు తయారు చేసి, ఒకటి కామాఠీపురలో, ఒకటి వర్లీలో ఉంచుకుని, ఎవరి మార్పులు వారు చేసుకోవచ్చు. నెలకోసారి రెండింటినీ కలిపితే చాలు. వినడానికి ఎంతో బాగుంది కదూ!

తంటా ఎక్కడంటే, ఒక కుటుంబం భివండీకి మారింది. కామాఠీపురలో చిరునామా దిద్దారు. అదే నెలలో వర్లీలో వారి ఫోన్ నంబరు దిద్దారు. దిద్దినవి వేర్వేరు గడులే. అయినా 97 వెర్షన్ దాకా యాక్సెస్ మొత్తం వరుసనే ఒక్కటిగా చూసేది గనుక, దాన్ని తగాదాగానే లెక్కకట్టేది. 2000 వెర్షన్ నుండి గడి గడినీ విడిగా చూడటం నేర్చుకుంది.

మరి తీర్పు ఎవరిది? చివరగా దిద్దినవారిదే గెలుపని చాలామంది అనుకుంటారు. కానే కాదు. 97లో ఎక్కువసార్లు మారిన వరుస గెలిచేది. 2000 నుండి ఏ ప్రతికి ప్రాధాన్య సంఖ్య ఎక్కువో దానిది పైచేయి. అంటే ఎవరిది నిజమన్నది కంప్యూటర్ ఎన్నడూ అడగలేదు.

ఓడిన వరుస మాత్రం చెరిగిపోదు. తగాదాల పట్టికలోకి వెళ్ళి కూర్చుంటుంది. 97లో ఆ పట్టిక ఓడిన ప్రతిలో మాత్రమే ఉండేది. ఆ కంప్యూటర్‌ను చోర్ బజార్‌కు తోలేస్తే భివండీ చిరునామా కూడా దానితోనే పోయినట్లు. తెర మీద తగాదాలున్నాయని హెచ్చరిక వచ్చినప్పుడల్లా "తర్వాత చూద్దాం" అని మూసేసే కార్యదర్శులు ఏ సంఘంలోనైనా ఉంటారు!

కంప్యూటర్ పట్టుకోలేని తగాదా ఇంకొకటుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాస్తే ఒక్క నర్సయ్యే ఇద్దరు సభ్యులవుతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో నర్సయ్యను ఎన్ని రకాలుగా రాయవచ్చో మీకే తెలుసు. దీన్ని ఏ వెర్షనూ తీర్చలేదు. ఊరి పేరు, తండ్రి పేరు పక్కపక్కన పెట్టి మనిషే చూసుకోవాలి.

సభ్యత్వ సంఖ్యల గొడవ మాత్రం తేలికే. రెండు చోట్లా 312 అని ఇద్దరికి ఇస్తే కలిపేటప్పుడు ఇబ్బంది. ఒక పేటకు 1 నుండి, ఇంకో పేటకు 5001 నుండి ఇస్తే సరి.

ఇప్పుడీ సంగతంతా ఎందుకంటారా? 2013 వెర్షన్‌లో రెప్లికేషన్‌ను తీసేశారు. పాత ఫైళ్ళు ఇంకా బీరువాల్లో ఉన్న సంఘాలు ఆలస్యం చేయకూడదు. ముందు అన్ని ప్రతులనూ వెతికి, ఒక్కొక్కదానికీ నకలు తీసి దాచండి. 2010 గానీ అంతకు పాతది గానీ ఉన్న కంప్యూటర్లో తెరిచి, కలిపి, తగాదాల పట్టికలు చూడండి. రెండు వరుసలూ కాగితం మీదకు తీసి, ఆ ఇంటికి ఫోన్ చేసి అడగండి. ఆ తర్వాతే సరైన వివరాలను కొత్త మామూలు ఫైలులోకి దించుకోండి.

ఒక్క మాట. ఓడిన చిరునామాను పారేయకుండా "పాత ఖోలీ" అని ఇంకో గడి పెట్టి అందులో రాయండి. ఊరి నుండి చుట్టాలను వెతుక్కుంటూ వచ్చేవారి చేతిలో ఉండేది తరచూ ఆ పాత గల్లీ నంబరే.