కంప్యూటర్ ముచ్చట: ఏ పేజీలో ఉన్నదో చూపించమనండి

పోయిన నెల ఒకనాడు రాత్రి తొమ్మిదింటికి మన వాడకట్టులోని ఒక చెల్లె మా ఇంటికి వచ్చింది. బీసీఏ చదివి, ఇక్కడే షోలాపూర్‌లో ఒక ఆఫీసులో మూడు నెలల ట్రైనింగ్ మీద చేరిన పిల్ల. కార్ఖానాల నుంచి వచ్చే నూలు లెక్కల ఫైళ్లన్నీ ఒక పట్టికలో కలపడం ఆమె పని.

"అన్నా, నిన్నటిదాక మంచిగనే నడిచింది. ఇయ్యాల కొత్త కంప్యూటర్ ఇచ్చిండ్రు. అదే ప్రోగ్రాం దీంట్ల నడుస్తలేదు. సోమవారం లోపల కాకుంటే ఇంక రావద్దన్నడు సారు" అన్నది. వాళ్ల నాయన రాత్రి పాళీకి పోయిండు. ఇంట్లో ఇంకా చెప్పలేదట.

ఆమె వాడేది పైథాన్ భాషలో పాండాస్ అనే సాఫ్ట్‌వేర్. పట్టికల లెక్కలకు లోకమంతా వాడేది, పైసలు పెట్టి కొనే పని లేనిది. తెర మీద వచ్చిన తప్పు ఏమంటే, డేటాఫ్రేమ్‌కు అపెండ్ అనేది లేదని. డేటాఫ్రేమ్ అంటే పట్టిక, అపెండ్ అంటే కింద కలపడం. ఫోన్‌లో ఏఐని మూడుసార్లు అడిగిందట. మూడుసార్లూ అది మాటలు మార్చి మళ్లీ అపెండ్‌తోనే రాసిచ్చింది.

ఎందుకట్లా? అది వెతికి చెప్పలేదు, నేర్చుకున్నది గుర్తు పెట్టుకొని చెప్పింది. పట్టికలకు అపెండ్ చాలా ఏండ్లు నడిచింది, దాని మీద రాసిన పాఠాలు లెక్కలేనన్ని. కాని పాండాస్ వాళ్లు 2022 జనవరిలో 1.4 వర్షన్‌లో "ఇది తీసేస్తాం" అని హెచ్చరిక పెట్టిండ్రు. 2023 ఏప్రిల్‌లో 2.0 వర్షన్ వచ్చేసరికి తీసేసిండ్రు. పాత కంప్యూటర్‌లో పాత వర్షన్ ఉన్నది, కొత్తదాంట్లో కొత్తది. చద్దర్లు నేసినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. ఒక జకార్డుకు కొట్టించిన అట్టలు వేరే జకార్డుకు ఎక్కిస్తే పువ్వు వస్తుందా?

అప్పుడు ఏఐ ఏజెంట్‌ను పెట్టినం. ఏజెంట్ అంటే పాలసీలు అమ్మేవాడు కాదు. మామూలు ఏఐ అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. ఏజెంట్ తానే నెట్‌లో వెతుకుతుంది, పేజీలు తెరుస్తుంది, చదువుతుంది, చాలకపోతే ఇంకో పేజీకి పోతుంది, చివరికి తేలింది చెబుతుంది. ముందుగాల ప్రోగ్రాంలోనే వర్షన్ నంబర్ చూసినం. 2.2 అని వచ్చింది. తర్వాత తెలుగులోనే ఇట్ల అడిగినం: "నా దగ్గర పాండాస్ 2.2 ఉన్నది. అపెండ్ లేదంటున్నది. పాండాస్ వాళ్ల సొంత డాక్యుమెంటేషన్‌లోనే వెతుకు. ఏ పేజీలో, ఏ వాక్యంలో ఉన్నదో ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చూపించు. దాని కింద తెలుగులో అర్థం చెప్పు. దొరకకపోతే దొరకలేదని చెప్పు."

రెండు నిమిషాల్లో 2.0 వర్షన్ మార్పుల పేజీ తెచ్చి పెట్టింది. అపెండ్ తీసేసినం, బదులుగా కాన్‌కాట్ వాడండి అని అందులో ఉన్నది. కారణం కూడా మన పనివాళ్లకు తెలిసేదే. అపెండ్ చేసినప్పుడల్లా పట్టిక మొత్తం కొత్తగా తయారవుతుంది. ఒక్క పోగు కలపడానికి పడుగంతా మళ్లీ చుట్టినట్టు. అందుకే ఫైళ్లన్నీ ముందు ఒక జాబితాలో పెట్టుకొని, చివర ఒక్కసారి కాన్‌కాట్‌తో కలపాలి.

ఇక్కడే ఏజెంట్ ఒక తప్పు చేసింది. ప్రోగ్రాంలో అపెండ్ అనే మాట కనబడ్డ చోటల్లా తీసేయమన్నది. చెల్లె ఆ పేజీ తానే తెరిచి మెల్లగ చదివింది. "అన్నా, ఇది పట్టికల సంగతే కదా. జాబితాకు అపెండ్ పైథాన్‌ది, పాండాస్‌ది కాదు. అది ఉండాలె" అన్నది. నిజమే. జాబితాకు అపెండ్ ఇప్పటికీ ఉన్నది. అది కూడా తీసేస్తే ఫైళ్లు జాబితాలో చేరనే చేరవు. పేజీ చదవకపోతే ఇంకో రాత్రి పోయేది.

మన పిల్లల్లో చాలామంది మరాఠీ మీడియంలో చదివినవాళ్లు. ఇంగ్లీషు పేజీ కనబడితే భయం. ఏజెంట్ వచ్చినాక ఆ భయం సగం పోయింది, మంచిదే. కాని పేజీ చదవలేనివాడినే అది తేలికగా మోసం చేస్తుంది. తాను మీద ముద్ర చూడకుండా సరుకు దించుకోము కదా. కాబట్టి నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది, వర్షన్ నంబర్ చెప్పకుండా అడగొద్దు. ఏజెంట్ తెచ్చిన పేజీ కూడా ఆ వర్షన్‌దేనా చూడండి.

రెండోది, పేజీ చూపించని జవాబును నమ్మొద్దు. చూపిస్తే ఆ నాలుగు వాక్యాలు మీరే చదవండి. రాని మాటకు అర్థం అడగండి, సిగ్గు లేదు.

మూడోది, ఏఐ ఒక్కోసారి లోకంలో లేని సాఫ్ట్‌వేర్ పేర్లు చెబుతుంది. దొంగలు అవే పేర్లతో చెడ్డ ప్రోగ్రాంలు తయారు చేసి పెడతారు. ఆ పేరు అసలు డాక్యుమెంటేషన్‌లో కనబడితేనే ఎక్కించుకోండి.

నాలుగోది, ఆఫీసు పాస్‌వర్డులు, సేటు లెక్కలు ఏజెంట్‌కు ఇయ్యొద్దు. కొన్ని పేజీల్లో ఏజెంట్‌ను దారి తప్పించే మాటలు దాచి పెడతారు. దాన్ని చదవడానికే వాడండి. మీరు చూడకుండా ఏదీ నడపనియ్యకండి.

సోమవారం పొద్దున చెల్లె పట్టిక ఇచ్చింది. సారు ఏమీ అనలేదట, ఇంకో పని అప్పజెప్పిండట. ట్రైనింగ్ ఇంకా నెల ఉన్నది. ఆ మార్పుల పేజీలోని వాక్యాలు ఇంగ్లీషులో నోటుపుస్తకంలో రాసుకొని, పక్కన తెలుగులో అర్థం రాసుకున్నది. ఇప్పుడు రోజూ ఒక పేజీ అట్లనే చదువుతున్నదట.

మీ పిల్లలకు ఇట్లాంటి చిక్కులు వస్తే రాసి పంపండి. వచ్చే నెల చూద్దాం.