పోయిన వేసవి దాచింది... ఈ వసంతానికి!

కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నార్సిస్ అని ఓ చిన్న ఊరుంది. ఏప్రిల్ నెలాఖరుకు మంచు కరిగి కాస్త ఎండ కాయగానే, ఆ ఊరి దగ్గరి సున్నపురాయి గోతుల్లోంచి గార్టర్ పాములు బిలబిలమంటూ బయటికొస్తాయి. ఒకటీ రెండూ కాదు, వేలకు వేలు! ముందుగా వచ్చేవి మగవి. నెలల తరబడి తిండి లేకపోయినా మేతకు పోవు. గొయ్యి అంచునే కాచుక్కూచుంటాయి. ఆడపాము తల బయట పెట్టిందో లేదో, దాని ఒంటి వాసన పట్టి పదుల కొద్దీ మగవి చుట్టేసుకుంటాయి. చూడ్డానికి అచ్చం కదిలే దారపు ఉండే! మనుషులకు ప్రాణభయం లేని పాములు కావడంతో, పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ జనం చూడ్డానికొస్తారు.

తమాషా ఏమిటంటే, ఇంత హడావుడి చేసే మగపాముల వృషణాలు అప్పటికి కుంచించుకుపోయి ఉంటాయి. కొత్తగా వీర్యకణాలేవీ తయారుకావు. కిందటి వేసవిలో కడుపునిండా తిని తిరిగిన రోజుల్లో తయారైనవాటినే చలికాలమంతా ఒంట్లో దాచుకుని తెస్తాయవి. మరి జతకట్టే వేళైందని వాటికి చెప్పేదెవరు? చలే! వృషణాలు తీసేసిన మగపాములు కూడా చలి గడిచి ఒళ్లు వెచ్చబడగానే ఆడవాటి వెంటపడతాయని 1980ల్లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ క్రూస్ బృందం గుర్తించింది.

ఆడపాము లెక్క వేరు. జతకట్టే నాటికి దాని అండాలు ఇంకా ఎదగవు. అవి ఎదిగేదాకా వీర్యకణాలు దాని ఒంట్లోనే భద్రంగా ఉంటాయి. వేసవి చివర్లో గుడ్లు కాదు, ఏకంగా పిల్లల్నే కంటుంది. ఒంట్లో సత్తువ చాలకపోతే ఆ ఏడాది కాన్పు లేనట్టే. అక్కడ వేసవంటే మూణ్నెల్ల ముచ్చట కదా. మగవి వీర్యకణాలు తయారయ్యేదాకా ఆగి జతకడితే, పిల్లలు పుట్టేసరికి మంచు ముంచుకొస్తుంది!

చలి మొదలవుతుండగా పాములన్నీ మళ్లీ గోతుల దారి పడతాయి. మధ్యలో 17వ నంబరు రహదారి. ఒకప్పుడు ఏటా వేల పాములు అక్కడ వాహనాల కింద నలిగిపోయేవి. చచ్చింది మగపామైతే, వచ్చే వసంతానికి అది దాచుకున్నదీ రోడ్డుపాలే. చివరికి రోడ్డు పక్కన కంచెలు కట్టారు, రోడ్డు కింద చిన్న సొరంగాలు వేశారు. ఇప్పుడు పాములు కంచె వెంబడి పాక్కుంటూ పోయి, సొరంగంలో దూరి అవతల తేలుతున్నాయి. చావులు బాగా తగ్గాయి.