మా టెస్టులో లేని ప్రశ్న

ఈ జూన్‌లోనే సైన్స్ టీచర్‌గా చేరాను. ర్యాంకు అడుగుతూ మీరు చేసే ఫోన్లను తప్పుపట్టను, ఫీజు కట్టేది మీరే కదా!

కానీ మన జిల్లా సంగతే చూడండి. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ 'సీతమ్మ కథ' చదివారు. అందులో తమ ఇళ్లే కనిపించాయి. సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారాను నిషేధించింది. వాళ్లకు ర్యాంకులెవరిచ్చారు?

మొన్న లవణీయత పాఠంలో నేను తడబడ్డాను. రొయ్యల గుంటలున్న ఇంటి పిల్లాడు లేచి, గాజు మీద నీటిచుక్క వేసి రిఫ్రాక్టోమీటర్‌లో ఉప్పు ఎలా చూస్తారో చెప్పాడు. అలాంటి ప్రశ్న మా టెస్టులో లేదు. వచ్చే నెల నుంచి పెడతాను. మొదట్లో మార్కులు తగ్గితే పిల్లల్ని కసరకండి, నాకే ఫోన్ చేయండి.